గియాప్ గెలిచిన యుద్ధాలు, గియాప్‌వి కాని నిర్ణయాలు

1968 జనవరి నెలాఖరు. అమెరికా అధ్యక్షుడు జాన్సన్ వైట్‌హౌస్ సిచ్యుయేషన్ రూమ్‌లో ఒక నేల నమూనా పెట్టించుకున్నాడు. దక్షిణ వియత్నాం ఉత్తరపు కొసన, కొండల మధ్య ఉన్న ఖే సాన్ మెరైన్ స్థావరానికి అది నమూనా. దాని చుట్టూ ఉత్తర వియత్నాం డివిజన్లు మోహరించి ఉన్నాయి. పద్నాలుగేళ్ల కిందట డియన్ బియన్ ఫూలో ఫ్రెంచివాళ్లను ఇలాగే చుట్టుముట్టి ఓడించిన జనరల్ వో గుయెన్ గియాప్ మళ్లీ అదే పని చేయబోతున్నాడని అమెరికన్ పత్రికలు రాశాయి. ఆయన స్వయంగా ఆ చుట్టుపక్కలే ఉండి యుద్ధం నడిపిస్తున్నాడన్న పుకారు కూడా పుట్టింది.

గియాప్ అక్కడ లేడు. ఆ దాడుల ప్రణాళిక హనోయిలో ఖరారవుతున్న నెలల్లో ఆయన దేశంలోనే లేడు, చికిత్స పేరుతో హంగరీలో ఉన్నాడు. ఖే సాన్ ముట్టడితోపాటు దక్షిణాది నగరాలన్నిటి మీదా టెట్ అనే వియత్నాం కొత్త సంవత్సరం పండగ వేళ ఒకేసారి విరుచుకుపడిన దాడిని (టెట్ దాడి) ప్రపంచం గియాప్ ఖాతాలో వేసింది. ఆ ప్రణాళిక మీద ఆయనకు మొదటి నుంచీ అనుమానాలు ఉన్నాయని చరిత్రకారులు ఇప్పుడు చెబుతున్నారు.

గియాప్ జీవితంలోని చిక్కుముడి ఇదే. 1944లో మొదటి దళం కట్టింది మొదలు 1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పతనం దాకా ముప్పై ఏళ్లపాటు వియత్నాం సైన్యానికి బయటి ప్రపంచం చూసిన ముఖం ఆయనదే. అందుకే ప్రతి గెలుపూ, ప్రతి ఓటమీ, ప్రతి శవాల లెక్కా ఆయన పేరు మీదే పడింది. కానీ హనోయిలో యుద్ధాన్ని నడిపింది ఒక్క మనిషి కాదు, పొలిట్‌బ్యూరో. అందులో ఎవరి మాట చెల్లుతుందన్నది కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. కాబట్టి ఆయన కథ చదివేటప్పుడు ప్రతి యుద్ధం దగ్గరా ఆగి, ఈ నిర్ణయం ఎవరిదని అడగాలి.

హిస్టరీ మాస్టారు

1911 ఆగస్టు 25న మధ్య వియత్నాంలోని కువాంగ్ బిన్ రాష్ట్రం, ఆన్ సా గ్రామంలో పుట్టాడు. హువేలోని పేరున్న ప్రభుత్వ పాఠశాలలో చదువుతూ 1927లో సమ్మె చేసి బయటికి పోయాడు. 1930లో జైలుకి వెళ్లాడు. తర్వాత హనోయిలో లా పట్టా తీసుకుని, థాంగ్ లాంగ్ అనే ప్రైవేటు బడిలో చరిత్ర పాఠాలు చెప్పాడు. నెపోలియన్ యుద్ధాలను బ్లాక్‌బోర్డు మీద గీసి మరీ వివరించేవాడని ఆనాటి శిష్యులు చెప్పుకున్నారు. ఏ సైనిక కళాశాలలోనూ చదవలేదు.

1940లో ఫామ్ వాన్ డాంగ్ అనే సహచరుడితో కలిసి సరిహద్దు దాటి చైనా వెళ్లి హోచిమిన్‌ను కలిశాడు. వెళ్లేటప్పుడు భార్య కువాంగ్ థాయ్‌నీ, పసిబిడ్డనూ హనోయిలో వదిలి వెళ్లాడు. ఆ భార్యను మళ్లీ చూడలేదు. ఫ్రెంచివాళ్లు ఆమెను పట్టుకుని హనోయిలోని హోవా లో జైల్లో పెట్టారు, అక్కడే చనిపోయింది. ఆ సంగతి ఆయనకు చాలాకాలం దాకా తెలియలేదు. ఆమె అక్క మిన్ ఖాయ్ కమ్యూనిస్టు పార్టీలో పెద్ద నాయకురాలు, ఆమెను 1941లో కాల్చి చంపారు. తండ్రి కూడా తర్వాత ఫ్రెంచి నిర్బంధంలోనే పోయాడు. గియాప్‌కి ‘మంచు కప్పిన అగ్నిపర్వతం’ అని పేరు పెట్టినవాళ్లకు ఇవన్నీ తెలుసో లేదో.

1944 డిసెంబరు 22న కావో బాంగ్ అడవుల్లో 34 మందితో ఒక సాయుధ ప్రచార దళాన్ని ఏర్పాటు చేశాడు. అందులో ముగ్గురు ఆడవాళ్లు. మూడు రోజుల తర్వాత ఫాయ్ ఖాట్, ఆ మర్నాడు నా న్గాన్ అనే చిన్న ఫ్రెంచి ఔట్‌పోస్టులను పట్టుకున్నారు. వలస సైనికుల వేషంలో లోపలికి వెళ్లడమే అక్కడ వేసిన ఎత్తు. వియత్నాం ప్రజాసైన్యం ఇప్పటికీ ఆ డిసెంబరు 22నే తన పుట్టినరోజుగా జరుపుకుంటుంది.

పొగిడేవాళ్లు దాటేసే ఘట్టం ఒకటి ఇక్కడే ఉంది. 1946 వేసవిలో హోచిమిన్ చర్చల కోసం ఫ్రాన్స్‌లో ఉన్నప్పుడు, హనోయిలో ప్రత్యర్థి జాతీయవాద పార్టీలను ఏరిపారేశారు. వాళ్ల ఆఫీసుల మీద దాడులు జరిగాయి, కార్యకర్తలు జైళ్లకు పోయారు, చాలామంది ప్రాణాలు కోల్పోయారు. ఆ పనిలో గియాప్ చేయి స్పష్టంగా ఉంది. ఫ్రెంచి జైలు ఆయన్ని మెత్తబరచలేదు.

ఓడిపోతూ నేర్చుకున్నది

1948లో 37వ ఏట జనరల్ అయ్యాడు. 1949లో చైనాలో కమ్యూనిస్టులు గెలిచాక పరిస్థితి ఒక్కసారిగా మారింది. తుపాకులు, ఫిరంగులు, శిక్షణ, సలహాదారులు సరిహద్దు దాటి రాసాగాయి. 1950 శరదృతువులో సరిహద్దు వెంట ఉన్న ఫ్రెంచి స్థావరాలను గియాప్ ఒకదాని తర్వాత ఒకటి ఊడ్చేశాడు. ఆ ఊపు తలకెక్కింది. 1951 మొదట్లో కొండలు దిగి, ఎర్రనది డెల్టా మైదానంలో ఫ్రెంచివాళ్లతో ముఖాముఖి తలపడ్డాడు. విన్ యెన్ దగ్గర జనరల్ డి లాట్ర్ విమానాలన్నీ రప్పించి, అంటుకుని మండే నాపామ్ బాంబులు కురిపించాడు. తర్వాత మావో ఖే, ఆ తర్వాత డే నది, మూడు చోట్లా దెబ్బే. వేలమంది పోయారు. ఈ మూడు ఓటములూ గియాప్‌వే, ఇందులో వాదన లేదు.

దీర్ఘకాలిక ప్రజాయుద్ధం అనే మాట తెలుగు విప్లవ రాజకీయాల్లో దశాబ్దాలుగా వింటున్నదే. దాన్ని చాలామంది అడవిలో గెరిల్లా పోరాటం అనే అర్థంలోనే వాడతారు. గియాప్ లెక్కలో అది మూడు అంతస్తుల నిర్మాణం: ఊళ్లో పొలం పని చేసుకుంటూనే తుపాకి పట్టే మిలీషియా, జిల్లా స్థాయి ప్రాంతీయ దళాలు, ఆపైన ఫిరంగులు ఉన్న రెగ్యులర్ డివిజన్లు. గెలుపు ఖాయం చేయాల్సింది ఆ మూడోదే. కింది రెండూ శత్రువు బలగాన్ని దేశమంతా పరుచుకునేలా చేస్తాయి. ఎక్కడ పల్చబడితే అక్కడ రెగ్యులర్ సైన్యం కొడుతుంది. 1951లో మూడో అంతస్తు ఇంకా పూర్తిగా లేవకముందే దాని మీద నిలబడబోయి పడ్డాడు. మూడేళ్ల తర్వాత ఆయన తీసుకున్న నిర్ణయాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ పడిపోవడం గుర్తుండాలి.

మాచిపత్రి కట్టుకున్న రాత్రి

1953 నవంబరు 20న ఫ్రెంచి పారాట్రూపర్లు వాయవ్య వియత్నాంలో, లావోస్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న డియన్ బియన్ ఫూ లోయలో దిగారు. చుట్టూ కొండలు, మధ్యలో ఒక విమానాశ్రయం. గియాప్‌ని అక్కడికి రప్పించి, తమ ఫిరంగులతో, విమానాలతో నలిపేయాలన్నది ఫ్రెంచి కమాండర్ నవార్ ఆలోచన. హోచిమిన్ నాయకత్వంలోని వియత్ మిన్ దగ్గర పెద్ద ఫిరంగులు లేవనీ, ఉన్నా ఆ కొండల మీదికి ఎక్కించలేరనీ వాళ్ల ధీమా.

గియాప్ బయల్దేరేముందు హోచిమిన్ ఆయనకు పూర్తి అధికారం ఇచ్చాడు. గెలుపు ఖాయమైతేనే కొట్టు, ఖాయం కాకపోతే కొట్టొద్దు అన్నది ఆయన షరతు. అక్కడికి ముందే చేరుకున్న సిబ్బంది, చైనా సలహాదారులు కలిసి ఒక ప్లాన్ వేసి ఉంచారు. మెరుపుదాడి చేసి రెండు మూడు రోజుల్లో పని ముగించాలన్నది ఆ ప్లాన్. శత్రువు ఇంకా కుదురుకోలేదు, ఆలస్యమైతే బియ్యం చాలవు అని వాళ్ల వాదన. గియాప్‌కి నచ్చలేదు. కానీ అందరూ ఒక్క మాట మీద ఉన్నారు, కాదనడానికి చేతిలో ఆధారం లేదు. సరే అన్నాడు. మనుషులు తాళ్లు పట్టి ఫిరంగులను కొండలెక్కించారు. దాడి జనవరి 25కి అనుకున్నారు, సమాచారం లీక్ అయిందన్న అనుమానంతో 26 సాయంత్రానికి జరిపారు.

ఆ మధ్యలో ఆయన చూసినవి కలవరపెట్టాయి. తాత్కాలికం అనుకున్న ఫ్రెంచి రక్షణ రోజురోజుకీ గట్టిపడుతోంది. ఫామ్ కియెట్ అనే అధికారి ఫోన్ చేసి, మన ఫిరంగులు బట్టబయలు చోట ఉన్నాయి, శత్రువు తిరగబడితే కాపాడుకోలేమని చెప్పాడు. గియాప్ తర్వాత రాసుకున్నదాని ప్రకారం, ఆ ప్లాన్ మీద అభ్యంతరం చెప్పింది ఆ ఫామ్ కియెట్ ఒక్కడే.

25వ తేదీ రాత్రి గియాప్‌కి నిద్ర పట్టలేదు, తల పగిలిపోతోంది. వైద్య సహాయకుడు వచ్చి నుదుటికి మాచిపత్రి జాతి ఆకు కట్టాడు. వినాయక చవితి పత్రిలో మనం చూసే ఆకు లాంటిదే, వాళ్ల దగ్గర అది తలనొప్పి మందు. పొద్దున్నే ఆ కట్టుతోనే చైనా సలహాదారుల పెద్ద వై గువోచింగ్ దగ్గరికి వెళ్తే, ఒంట్లో బాలేదా అని ఆయన పలకరించాడు. దాడి ఆపేయాలని గియాప్ చెప్పాడు.

ఆయన లెక్క మూడు ముక్కల్లో ఉంది. ఒకటి, మన సైన్యం ఇంతవరకూ కోటల్లా కట్టుకున్న స్థావరంలో ఒక బెటాలియన్‌కు మించిన బలగాన్ని తుడిచిపెట్టలేదు, ఇక్కడున్నవి చాలా బెటాలియన్లు. రెండు, ఫిరంగి దళం, పదాతి దళం కలిసి ఇంత పెద్ద యుద్ధం ఎన్నడూ చేయలేదు, రిహార్సల్ కూడా జరగలేదు. మూడు, మనవాళ్లకు రాత్రిపూట చాటున పోరాడటం అలవాటు, ఇక్కడ పట్టపగలు విశాలమైన మైదానంలో విమానాలు, ట్యాంకుల ముందు నిలబడాలి. ఈ మూడో కారణంలో విన్ యెన్ కనిపిస్తుంది. పేరు చెప్పకపోయినా ఆ శవాలు ఆయనకు గుర్తున్నాయి.

తర్వాత ఫ్రంట్ పార్టీ కమిటీ కూర్చుంది. రాజకీయ విభాగం చూస్తున్న లె లియమ్, సైనికులు ఉత్సాహంగా ఉన్నారు, ఇప్పుడు వెనక్కి వెళ్లమంటే ఏం చెబుతాం అన్నాడు. సరఫరాలు చూస్తున్న డాంగ్ కిమ్ జాంగ్, ఇప్పుడే కష్టంగా ఉంది, ఇంకా ఆలస్యమైతే తిండి పెట్టలేం అన్నాడు. నూటికి నూరు శాతం గెలుస్తామని చెప్పగలరా అని గియాప్ అడిగితే, అలా ఎవరు చెప్పగలరన్నది జవాబు. ఈ యుద్ధానికి మాత్రం అలా చెప్పగలగాలి అన్నాడు గియాప్. చివరికి అందరూ ఒప్పుకున్నారు. ఈ ఇద్దరి పేర్లూ మళ్లీ వస్తాయి.

కొండలెక్కించిన ఫిరంగులను మళ్లీ కిందికి దించాల్సి వచ్చింది. టో విన్ జియెన్ అనే సైనికుడు జారిపోతున్న విమాన విధ్వంసక తుపాకి చక్రం కింద తన శరీరాన్ని అడ్డం వేసి చనిపోయింది ఫిరంగులను వెనక్కి లాగే ఆ రోజుల్లోనే. వియత్నాం బడిపిల్లలందరికీ ఆయన కథ తెలుసు.

ఈ నిర్ణయం కూడా పూర్తిగా గియాప్‌దేనా అని అడిగేవాళ్లున్నారు. కొందరు చైనా చరిత్రకారులు ప్లాన్ మార్పులో బీజింగ్‌కీ, తమ సలహాదారులకూ పాత్ర ఉందంటారు. చైనా ఫిరంగులు, చైనా శిక్షణ లేకుండా ఆ యుద్ధమే లేదన్నది నిజం. కానీ బాధ్యత నెత్తిన వేసుకుని, ఓడితే తల పోయే చోట నిలబడింది ఎవరన్న విషయంలో నాకు సందేహం లేదు. తన జీవితంలో అన్నిటికన్నా కష్టమైన నిర్ణయం అదేనని ఆయనే చెప్పుకున్నాడు.

ఆరు వారాల తర్వాత, 1954 మార్చి 13న దాడి మొదలైంది. ఈసారి 105 మిల్లీమీటర్ల ఫిరంగులను బయట పెట్టకుండా, లోయ వైపు చూసే కొండవాలుల్లో గుంతలు తవ్వి దాచారు. గుంత నోరు తప్ప ఏమీ కనిపించదు. డొల్ల ఫిరంగులు వేరేచోట పెట్టి ఫ్రెంచి బాంబులను అటు మళ్లించారు. వియత్ మిన్ ఫిరంగులను నోరెత్తనివ్వనని హామీ ఇచ్చిన ఫ్రెంచి ఆర్టిలరీ అధిపతి కర్నల్ పిరోత్, రెండు రోజుల్లోనే గ్రెనేడ్‌తో ఆత్మహత్య చేసుకున్నాడు. విమానాశ్రయం పనికిరాకుండా పోయింది. తర్వాత అంతా పలుగూ పారల యుద్ధం. కందకాలు తవ్వుకుంటూ, గజం గజం ముందుకు జరుగుతూ, ఒక్కో గుట్టనూ పట్టుకున్నారు. ఏ1 గుట్ట కింద సొరంగం తవ్వి, దాదాపు టన్ను పేలుడు పదార్థం పెట్టి మే 6 రాత్రి పేల్చారు. మర్నాడు స్థావరం లొంగిపోయింది. ఆ మర్నాడే జెనీవాలో ఇండోచైనా మీద చర్చలు మొదలయ్యాయి. వాటితో దేశం ఉత్తర, దక్షిణాలుగా రెండైంది.

డియన్ బియన్ ఫూ అనగానే సైకిళ్ల బొమ్మ కళ్లముందుకొస్తుంది. హ్యాండిల్‌కి వెదురుబద్ద కట్టి, రెండు క్వింటాళ్ల బియ్యం వేలాడదీసి తోసుకుంటూ వెళ్లే మనిషి. అలాంటి సైకిళ్లు ఇరవై వేలదాకా ఉన్నాయి, రెండున్నర లక్షల మందికి పైగా రైతులు సామాను మోశారు. అదంతా నిజం. కానీ ఆరువందలకు పైగా సోవియట్ లారీలు కూడా ఉన్నాయి, ఫిరంగి గుండ్ల లాంటి బరువు మోసింది ముఖ్యంగా అవే. ఫొటోల్లో లారీకన్నా సైకిల్ బాగుంటుంది.

మూల్యం సంగతి కూడా చెప్పాలి. వియత్నాం అధికారిక లెక్కలో తమ మృతులు నాలుగు వేల చిల్లర, పాశ్చాత్య అంచనాలు దానికి రెట్టింపు. పట్టుబడిన పదివేల పైచిలుకు ఖైదీల్లో కొన్ని నెలల తర్వాత తిరిగొచ్చినవాళ్లు మూడోవంతు మించలేదు.

హనోయిలో మరో యుద్ధం

ఇక్కడి నుంచి కథ అడ్డం తిరుగుతుంది. 1956లో భూసంస్కరణల పేరుతో ఉత్తరాదిలో జరిగిన దారుణాలు బయటపడ్డాయి. పార్టీ తరఫున జనం ముందు తప్పు ఒప్పుకునే బాధ్యత గియాప్ మీద పెట్టారు. అమాయకులను చంపాం, హింసించాం అని బహిరంగంగా చెప్పాడు. హోచిమిన్ తర్వాత జనంలో అంత పేరున్న మనిషి ఆయనే. పార్టీ నాయకత్వం ఆయనకు రావచ్చని చాలామంది అనుకున్నారు. కానీ పగ్గాలు దక్షిణాదిలో అండర్‌గ్రౌండ్ ఉద్యమం నడిపి వచ్చిన లె డువాన్ చేతికి వెళ్లాయి. ఆయనకు తోడు లె డక్ థో, పార్టీ నియామకాలన్నీ చూసే మనిషి. 1973లో నోబెల్ శాంతి బహుమతి వద్దన్నది ఈయనే.

తేడా ఎక్కడొచ్చింది? దక్షిణాదిలో పెద్ద యుద్ధం చేసి త్వరగా తేల్చేయాలన్నది లె డువాన్ పట్టు. ఉత్తరాన్ని ముందు గట్టిపరుచుకుని, దక్షిణాన గెరిల్లా పోరాటాన్ని ఓపికగా పెంచుదామన్నది గియాప్ మొగ్గు. 1963 డిసెంబరులో పార్టీ కేంద్ర కమిటీ సమావేశంలో (ప్లీనం) లె డువాన్ మాట నెగ్గింది. దక్షిణాది యుద్ధ బాధ్యత గియాప్‌తో సమాన హోదా ఉన్న జనరల్ గుయెన్ చి థాన్‌కు దక్కింది. పెద్ద యూనిట్లతో అమెరికన్లను నేరుగా ఢీకొనాలన్నవాడు ఆయన. 1967 జులైలో ఆయన హఠాత్తుగా చనిపోయాక టెట్ ప్రణాళికను లె డువాన్‌తో కలిసి ముందుకు నడిపింది సైన్యాధిపతి వాన్ టియన్ డుంగ్.

అదే ఏడాది హనోయిలో అరెస్టులు మొదలయ్యాయి. ‘రివిజనిస్టు, పార్టీ వ్యతిరేక ముఠా’ అని కేసు. విచారణ లేకుండా జైళ్లలో వేశారు. అలా జైలుకి పోయినవాళ్లలో గియాప్ చుట్టూ ఉన్నవాళ్లు చాలామంది. డియన్ బియన్ ఫూలో బియ్యం లెక్కలు చూసిన డాంగ్ కిమ్ జాంగ్ జైలుపాలయ్యాడు. లె లియమ్‌ని పార్టీ నుంచి వెళ్లగొట్టారు. గియాప్‌ని మాత్రం ముట్టుకోలేదు. ముట్టుకోలేరు, ఆ పేరుకు ప్రపంచంలో ఉన్న విలువ అలాంటిది. చుట్టూ ఉన్న చెట్లు నరికితే మానుకు సంగతి అర్థం కాదా? పాత సహచరుల కోసం ఆయన బహిరంగంగా నోరు విప్పలేదు. పార్టీ క్రమశిక్షణ అంటారు కొందరు, పిరికితనం అంటారు ఇంకొందరు. నాకు రెండో మాట పూర్తిగా కొట్టిపారేయాలని అనిపించదు.

టెట్ దాడిలో నగరాల్లో జనం తిరగబడతారని లె డువాన్ ఆశించాడు. తిరగబడలేదు. పదుల వేలమంది పోరాటకారులు పోయారు, దక్షిణాది గెరిల్లాల నడుం విరిగింది. అయినా టీవీలో సైగాన్‌లోని తమ ఎంబసీ ఆవరణలో కాల్పులు చూసిన అమెరికన్ల నమ్మకం కూలింది. మార్చి 31న జాన్సన్ మళ్లీ పోటీ చేయనని ప్రకటించాడు. సైనికంగా ఓటమి, రాజకీయంగా గెలుపు. దాన్నంతా గియాప్ ముందే వేసుకున్న ఎత్తుగా పాశ్చాత్యులు రాసుకున్నారు. ప్రాణాలంటే లెక్కలేని జనరల్ అన్న నిందా ఆయనకే, ఎత్తు వేసిన మేధావి అన్న కీర్తీ ఆయనకే.

1972లో దక్షిణాది మీద చేసిన ఈస్టర్ దాడి గురించి కూడా ఇలాంటి వాదనలే ఉన్నాయి. 1975 దగ్గర మాత్రం కాస్త స్పష్టత ఉంది. జనవరిలో దక్షిణాదిలోని ఫుక్ లాంగ్ రాష్ట్రం పడిపోయినా అమెరికా కదల్లేదు. మార్చి 10న బువాన్ మా థువోట్ మీద దెబ్బ కొడితే దక్షిణ వియత్నాం సైన్యం మధ్య పీఠభూమి నుంచి పారిపోవడం మొదలుపెట్టింది. మైదానంలో వాన్ టియన్ డుంగ్, హనోయి కేంద్ర కార్యాలయంలో గియాప్. మొదట రెండేళ్ల ప్లాన్ వేసుకున్నవాళ్లు, వర్షాలు రాకముందే ముగించేయవచ్చని గ్రహించారు. ఏప్రిల్ 7న గియాప్ అన్ని దళాలకూ పంపిన టెలిగ్రామ్ ఇప్పటికీ మ్యూజియంలో కనిపిస్తుంది: మెరుపు వేగంతో, ఇంకా మెరుపు వేగంతో, తెగించి, ఇంకా తెగించి, గంట గంటా నిమిషం నిమిషం వాడుకుంటూ దూసుకుపొండి అని. ఇరవయ్యేళ్లుగా ఓపిక పట్టమని చెబుతూ వచ్చిన మనిషి రాసిన మాటలవి. ఏప్రిల్ 30న సైగాన్ పడిపోయింది. గెలిచాక వాన్ టియన్ డుంగ్ జ్ఞాపకాలు వెంటనే అచ్చయ్యాయి. గియాప్ తన వైపు కథ చెప్పడానికి పాతికేళ్లు పట్టింది.

1954 నుంచి 1975 దాకా తమ వైపు 11 లక్షల మంది పోరాటకారులు, దాదాపు 20 లక్షల మంది సామాన్యులు చనిపోయారని వియత్నాం ప్రభుత్వం 1995లో ప్రకటించింది. ఈ సంఖ్యకు జవాబు చెప్పాల్సింది ఒక్క జనరల్ కాదు. అలాగని ఆయన తప్పించుకోగలిగిందీ కాదు.

కుటుంబ నియంత్రణ కమిటీ

1980లో రక్షణ మంత్రి పదవి పోయింది, అది వాన్ టియన్ డుంగ్‌కు దక్కింది. 1982లో పొలిట్‌బ్యూరో నుంచి తప్పించారు. ఉప ప్రధానిగా శాస్త్ర సాంకేతిక వ్యవహారాలు చూడమన్నారు. ఆపైన జనాభా, కుటుంబ నియంత్రణ కమిటీకి అధ్యక్షుణ్ణి చేశారు. ఫ్రెంచివాళ్లను ఓడించిన జనరల్ ఇప్పుడు కండోమ్‌ల లెక్క చూస్తున్నాడని హనోయి జనం జోకులు వేసుకున్నారు. నొప్పించే జోకులే, కానీ అవి ఎగతాళి చేసింది ఆయన్ని కాదు, ఆ కుర్చీలో కూర్చోబెట్టినవాళ్లను. ఆయన కిమ్మనకుండా ఆ పనీ చేశాడు. 1991లో రిటైరయ్యాడు.

1995 నవంబరులో పాత శత్రువు, మాజీ అమెరికా రక్షణ మంత్రి మెక్‌నమారా హనోయికి వచ్చి కలిశాడు. 1964 ఆగస్టు 4న టాంకిన్ గల్ఫ్‌లో ఏం జరిగిందని అడిగాడు. అమెరికా కాంగ్రెస్ యుద్ధానికి అనుమతి ఇవ్వడానికి ఆధారమైన రెండో దాడి గురించి ఆ ప్రశ్న. ఏమీ జరగలేదు అన్నాడు గియాప్.

2013 అక్టోబరు 4న హనోయిలో 102 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. హోవాంగ్ జియు వీధిలోని ఆయన ఇంటి ముందు రోజుల తరబడి క్యూలు సాగాయి. పెద్ద నాయకులను పూడ్చే హనోయి శ్మశానంలో కాకుండా, సొంత రాష్ట్రం కువాంగ్ బిన్‌లో సముద్రపు ఒడ్డున ఆయన్ని ఖననం చేశారు.

అధికారం పోయిన ఆ చివరి దశాబ్దాల్లో ఆయన పేరుకు ఎంత బలం ఉందో 2009లో తేలింది. మధ్య పీఠభూమిలో చైనా కంపెనీతో బాక్సైట్ తవ్వించాలని ప్రభుత్వం నిర్ణయించింది. పర్యావరణం పాడవుతుంది, అక్కడి గిరిజనుల బతుకులు దెబ్బతింటాయి, దేశ భద్రతకు ముప్పు అంటూ 97 ఏళ్ల గియాప్ ఆ ఏడాది మూడు లేఖలు రాశాడు. అవి బయటికి వచ్చాక మేధావులు, శాస్త్రవేత్తలు గొంతు కలిపారు, జాతీయ అసెంబ్లీలో చర్చ జరిగింది. అదే గనుల విషయమై కు హుయ్ హా వు అనే లాయర్ ఏకంగా ప్రధానమంత్రి మీద కేసు వేశాడు. ప్రభుత్వ వ్యతిరేక ప్రచారం చేశాడంటూ 2011లో ఆయనకు ఏడేళ్ల జైలు పడింది. జనరల్ లేఖలకు ప్రభుత్వం మర్యాదగా జవాబిచ్చింది. గనుల పని ఆగలేదు.